వార్తల్లో పదం: విత్‌డ్రాయల్
చార్మినార్ గల్లీల్లో ‘ఎర్రగడ్డకు పంపాలి’ అంటే ఎగతాళి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో మాత్రం కల్లు, మద్యం దొరక్క జనం నిజంగానే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు బారులు తీరారు. కల్తీ కల్లులో కలిపేది అల్ప్రజోలం లాంటి మత్తుమందు. అది ఒక్కసారిగా ఆగితే చేతుల వణుకు, నిద్రలేమి, ఫిట్స్. ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. ఇదే విత్‌డ్రాయల్. గదిలో పెట్టి తాళమేయడం వైద్యం కాదు. ఆసుపత్రిలో మాత్రలిచ్చి, వాటి మోతాదును మెల్లగా తగ్గిస్తారు, తాగుబోతులకైతే బీ1 విటమిన్ కూడా ఇస్తారు. వణుకు తగ్గాకే అసలు పని: కౌన్సెలింగ్, మద్యంపై యావ తగ్గించే నాల్‌ట్రెక్సోన్, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే, 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు. డ్రగ్స్ వాడినవారికి పోలీసు భయమా? తమంతట తాము చికిత్సకు వస్తే మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం 64ఏ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. మత్తు మానడానికి సాయం చేసే కేంద్ర హెల్ప్‌లైన్ 14446.