ప్రేవులలోని సూక్ష్మజీవులు - దేహములోని క్రొవ్వు

బిడ్డ బొద్దుగా నుండిన ఆరోగ్యవంతుడనియు, సన్నగా నుండిన తిండి చాలలేదనియు మనలో చాలమంది తలంతురు. క్రొవ్వు మిగిలిన ఆహారమును దాచుకొను కొట్టు మాత్రమేయని పూర్వము శాస్త్రజ్ఞులు కూడ భావించెడివారు. ఈ రెండు అభిప్రాయములును సరియైనవి కావని నేడు తేలినది. అంతేకాదు, ఆ క్రొవ్వు పెరుగుటలోను, దాని నడవడిలోను మన ప్రేవులలో నివసించు సూక్ష్మజీవులకు కొంత పాలు కలదని గడచిన ఇరువదియేండ్ల పరిశోధనలు సూచించుచున్నవి. బిడ్డలకు ప్రతిదినము భోజనపు డబ్బా సర్దియిచ్చు తలిదండ్రులు ఈ విషయమును తెలిసికొనుట అవసరము.

సుమారు 70 కిలోల బరువుగల మనుష్యుని దేహములో 38 లక్షల కోట్ల సూక్ష్మజీవులుండునని 2016లో ప్రకటింపబడిన యొక లెక్క తెలుపుచున్నది. మన స్వంత జీవకణములు 30 లక్షల కోట్లు మాత్రమే. ఈ సూక్ష్మజీవులన్నియు కలసి తూగునది 200 గ్రాములు. వీనిలో అత్యధిక భాగము పెద్దప్రేవులో నుండును.

ఇవి అచట ఊరక కూర్చుండవు. ధాన్యపు తవుడు, పప్పులు, కాయగూరలు, ఆకుకూరలు వీనియందుండు పీచు పదార్థమును మన జీర్ణరసములు కరగింపలేవు. అది పెద్దప్రేవు చేరిన పిదప సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ అను ఆమ్లములను తయారుచేయును. బ్యుటిరిక్ ఆమ్లము ప్రేవు లోపలి పొరకు ఆహారమై, ఆ గోడను దృఢముగా నుంచును. తక్కినవి రక్తముతో కలసి కాలేయమునకును క్రొవ్వునకును చేరును. ఆకలి తీరినదని మెదడునకు తెలుపు కొన్ని హార్మోనులు ప్రేవులనుండి వెలువడుటకు కూడ ఇవి తోడ్పడును.

ఇక క్రొవ్వు సంగతి. 1994లో న్యూయార్కు నగరమందలి రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయములో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలసి లెప్టిన్ అను హార్మోను జన్యువును కనుగొనెను. ఇది క్రొవ్వు కణములనుండియే పుట్టి, దేహములో నిలువ యెంత గలదో మెదడునకు తెలుపును. అనగా క్రొవ్వు కూడ మాటలాడు అవయవమే. మితిమీరి నిండినపుడు, ముఖ్యముగా ఉదరములోని అవయవముల చుట్టు పేరుకొన్నపుడు, ఆ కణములు పైకి కనబడని వాపునకు లోనగును. ఇన్సులిన్ పని మందగించును. మధుమేహమునకు త్రోవ ఏర్పడును.

సన్ననివారికి ఈ భయము లేదనుకొనరాదు. పూనా వైద్యుడైన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడైన జాన్ యుడ్కిన్ 2004లో తమ దేహములనే ఉదాహరణముగా చూపిరి. ఎత్తునకు తగిన బరువు ఇరువురికిని సమానమే. కాని లండను వైద్యుని దేహములో క్రొవ్వు నూటికి 9 వంతులు కాగా, పూనా వైద్యుని దేహములో 21 వంతులుండెను. కావున భారతీయులకు ఈ విషయమున మరింత జాగ్రత్త అవసరము.

సూక్ష్మజీవులకును క్రొవ్వునకును గల సంబంధమును అమెరికాలోని సెంట్ లూయిస్ నగరమున జెఫ్రీ గోర్డన్ బృందమువారు పరీక్షించి చూచిరి. సూక్ష్మజీవులు లేకుండ పెంచిన ఎలుకలకన్న మామూలు ఎలుకలలో, అవి తక్కువ తినినను, క్రొవ్వు నూటికి 42 వంతులు అధికముగా నుండెనని 2004లో వారు ప్రకటించిరి. 2013లో మరియొక చిత్రమైన ప్రయోగమును వెల్లడించిరి. కవలలైన అక్కచెల్లెండ్రలో ఒకరు స్థూలకాయులు, ఒకరు సన్ననివారు అయినట్టి జంటలను ఎన్నుకొని, వారి ప్రేవులలోని సూక్ష్మజీవులను ఎలుకలకు ఎక్కించిరి. తిండి ఒకటే అయినను, స్థూలకాయుల సూక్ష్మజీవులు పొందిన ఎలుకలకు క్రొవ్వు హెచ్చెను.

తరువాత రెండు విధముల ఎలుకలను ఒకే పెట్టెలో నుంచగా, సన్ననివారి సూక్ష్మజీవులు రెండవ ఎలుకలలోనికి కూడ ప్రవేశించి, క్రొవ్వు పెరుగుటను అరికట్టెను. అయితే, క్రొవ్వు తక్కువగా, పండ్లు, కాయగూరలు ఎక్కువగా నున్న ఆహారము పెట్టినపుడే యిట్లు జరిగెను. కొవ్వు హెచ్చి పీచు తగ్గిన ఆహారము పెట్టినపుడు ఆ మేలైన సూక్ష్మజీవులు నిలువలేకపోయెను. ఈ విషయములో మనము గ్రహింపవలసిన ముఖ్యాంశమిదియే. విత్తనము మంచిదైనను నేల పదునుగా లేనిచో మొలక నిలువదు. మేలు చేయు సూక్ష్మజీవులను తెచ్చి వేయుటకన్న, వానికి తగిన ఆహారము పెట్టుట ముఖ్యము.

ఎలుకల ఫలితములన్నియు మనుష్యులకు అట్లే వర్తించునని చెప్పరాదు. ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు సన్ననివారి ప్రేవులలోని సూక్ష్మజీవులను స్థూలకాయులైన పురుషులకు ఎక్కింపగా, ఆరు వారములకు ఇన్సులిన్ పని మెరుగైనదని 2012లో ప్రకటించిరి. కాని వారి బరువు తగ్గలేదు. ఆ మెరుగు కూడ కొన్ని నెలలకే పోయినదని తరువాతి పరిశీలనలో తేలెను. తినెడి పరిమాణము, ఆటపాటలు, నిద్ర, వంశపారంపర్యము ఇవన్నియు ముఖ్యములే. కావున ఫలానా పొడి, ఫలానా మాత్ర మ్రింగిన క్రొవ్వు కరగునను ప్రకటనలకు సొమ్ము పోయరాదు.

మరి మనము చేయదగినదేమి? మొదటిది, బిడ్డల పళ్లెములో పీచుగల పదార్థములను పెంచుట. 1918లో కూనూరులో చిన్న పరిశోధనాలయముగా ఆరంభమై, 1958లో హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహార సంస్థ, పళ్లెములో సగము కాయగూరలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు ఉండవలెనని 2024లో సూచించినది. ఇందుకు విలువైన సరకులు అక్కరలేదు. తెలుగువారు రాగులనియు చోళ్లనియు, తమిళులు కేళ్వరగు అనియు, ఒడియావారు మాండియా అనియు, మరాఠీలు నాచణి అనియు పిలుచు ధాన్యము ఒకటే. మనము ఏ రాష్ట్రమున స్థిరపడినను అది మన అంగడిలో దొరకును. తోటకూర పప్పు, ఉడికించిన సెనగలు, చిక్కుడుకాయ కూర, ఒక జామపండు ఇవన్నియు ఆ సూక్ష్మజీవులకు విందే. పీచును ఒకేసారి గాక క్రమముగా హెచ్చించి, నీరు బాగుగా త్రాగింపవలెను.

రెండవది, యాంటీబయాటిక్ మందుల విషయమున జాగ్రత్త. ఇవి రోగక్రిములతోపాటు ప్రేవులలోని మేలైన సూక్ష్మజీవులను కూడ చంపును. లేత వయస్సు ఎలుకలకు వీనిని కొద్ది మోతాదులో ఇచ్చినను క్రొవ్వు పెరిగినదని 2012లో న్యూయార్కు పరిశోధకులు చూపిరి. సామాన్యమైన జలుబునకు కారణము వైరసు. దానిపై ఈ మందులు పనిచేయవు. వైద్యుడు అవసరమని వ్రాసియిచ్చినపుడు చెప్పిన విధముగా తప్పక వాడవలెను. కాని మనమే అడిగి వ్రాయించుకొనుటగాని, పోయిన మారు మిగిలిన మాత్రలను మరల వేయుటగాని తగదు.

బొద్దుగా నున్న బిడ్డను పస్తుంచవలదు, ఎగతాళి చేయవలదు. బరువును గూర్చి అనుమానము కలిగినచో వైద్యునికి చూపవలెను. తక్కిన బిడ్డలకు ఒక వంట, ఆ బిడ్డకు వేరొక వంట అని యేర్పరుపక, ఇంటిల్లిపాదియు అదే ఆకుకూరను, అదే పప్పును కలసి భుజించినచో బిడ్డకు చిన్నతనము తోచదు. ఆ భోజనము వలన పెద్దలకు కూడ మేలే కలుగును.