గవర్నమెంట్ ఉద్యోగమా, ట్రస్టు ఉద్యోగమా? ముందు స్టడీ సర్టిఫికెట్లు బయటికి తీయండి



గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ల నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాక కూడా కుర్చీలోంచి లేవలేదు. వెనకాల లైన్లో పదిమంది నిలబడి ఉన్నారు. "చిన్నదాని సంగతి కాదు మేడమ్. పెద్దమ్మాయి బీఎస్సీ అయిపోయి ఏడాదైంది. ఏదైనా గవర్నమెంట్ ఉద్యోగం చూద్దామని. ఒకాయన నాలుగు లక్షలిస్తే ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ పోస్టు వేయిస్తానంటున్నాడు. తర్వాత పర్మినెంట్ చేస్తారట. ఇవ్వమంటారా?" అన్నారు. ఆయన మిర్చి రైతు. ఆ నాలుగు లక్షలు ఎక్కణ్ణుంచి వస్తాయో నాకు తెలుసు. మా నాన్న కూడా గుంటూరు యార్డుకి టిక్కీలు తోలినవారే.

"వద్దండీ" అని ఆ పూటకి ఒక్క మాట చెప్పి పంపించాను. ఎందుకు వద్దో, మరి ఏం చేయాలో చెప్పడానికి ఈ నెల పేజీ అడిగి తీసుకున్నాను. నేను కెరీర్ కౌన్సెలర్‌ని కాదు. బీఈడీ చేసి, డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి చూసి, రాసి, ఉద్యోగం రానివాళ్లలో ఒకదాన్ని. కాబట్టి ఇందులో కొంత అనుభవం, కొంత కడుపుమంట రెండూ ఉంటాయి.

నోటిఫికేషన్లు మన వయసు చూసి రావు

నేను బీఈడీ మొదటి ఏడాదిలో ఉండగా 2018 అక్టోబరులో డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. చదువు పూర్తికాలేదు కాబట్టి అది నాది కాదు, వచ్చే ఏడాది మళ్లీ వస్తుందిలే అనుకున్నాను. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ఒకటి వచ్చింది, ఎన్నికల తర్వాత అది రద్దయింది. 2024 జూన్ 13న కొత్త ముఖ్యమంత్రి మొదటి సంతకం మెగా డీఎస్సీ ఫైలు మీద పెట్టారు. అసలు నోటిఫికేషన్ 2025 ఏప్రిల్ 20న వచ్చింది. 16,347 పోస్టులు. 3 లక్షల 30 వేల మందికి పైగా అభ్యర్థులు 5 లక్షల 70 వేలకు పైగా దరఖాస్తులు పెట్టారు. మనుషుల కన్నా దరఖాస్తులు ఎందుకు ఎక్కువంటే, ఒక్కొక్కరం అర్హత ఉన్న ప్రతి పోస్టుకీ విడిగా 750 రూపాయలు కట్టాం. నేను స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్‌కి ఒకటి, గురుకులాల్లో టీజీటీకి ఒకటి కట్టాను. 2025 సెప్టెంబరు 25న వెలగపూడి సచివాలయం దగ్గర 15,941 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. ఆ రోజు మా స్టాఫ్‌రూమ్‌లో ఇద్దరి కుర్చీలు ఖాళీ. మిగతావాళ్లం ఫోన్లో లైవ్ చూసుకుంటూ పేపర్లు దిద్దాం.

ఏపీపీఎస్సీ పరీక్షలదీ ఇదే తీరు. గ్రూప్-2 నోటిఫికేషన్ 2023 డిసెంబరులో వచ్చింది. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగితే మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న జరిగాయి. మరోపక్క 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం దాదాపు 1.26 లక్షల పోస్టులు ఒక్కసారిగా పడ్డాయి. జులైలో నోటిఫికేషన్, సెప్టెంబరులో పరీక్షలు, అక్టోబరు 2 నాటికి సచివాలయాలు మొదలు. అంటే వస్తే వరద, లేకపోతే కాలవ ఎండు.

అందుకే నా సలహా ఏమిటంటే, పిల్లల్ని "ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లో కూర్చుని చదువు" అనకండి. ఏదో ఒక పనిలో ఉండి చదివేవాళ్లకి మనసు కుదురుగా ఉంటుంది. నెలకి కొంత చేతికొస్తుంది కూడా. కోచింగ్‌కి కట్టే ముందు పాత నోటిఫికేషన్ ఒకటి డౌన్‌లోడ్ చేసి, అర్హతల పేజీ మీరే పిల్లలతో కలిసి చదవండి. ఆ పేజీ చదవకపోవడం వల్ల ఎంత నష్టమో నా కథే చెబుతుంది.

బీఈడీ అందరికీ సరిపోయే చెప్పు కాదు

మేం బీఈడీలో చేరేటప్పుడు, "హైస్కూలు పోస్టుకీ రాయొచ్చు, ప్రైమరీ పోస్టుకీ రాయొచ్చు" అని చెప్పేవారు. ఆ మాట అప్పటికి నిజమే. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఒక రాజస్థాన్ కేసులో తీర్పు ఇచ్చింది. ప్రాథమిక తరగతుల టీచరుకి డీఎడ్, అంటే ఇప్పటి డీఈఎల్‌ఈడీ ఉండాలి, బీఈడీ చెల్లదని. 2024 ఫిబ్రవరి నోటిఫికేషన్‌లో ఎస్జీటీ పోస్టులకి బీఈడీ వాళ్లకీ అవకాశం ఇస్తే మన హైకోర్టు ఆపేసింది. మెగా డీఎస్సీలో ఎస్జీటీ పోస్టులు 6,371. ప్రతి ఐదు పోస్టుల్లో దాదాపు రెండు. వాటి వంక మేం చూడటానికి కూడా లేకుండా పోయింది.

చిన్నపిల్లలకి పాఠం చెప్పడం ఇష్టపడే అమ్మాయో అబ్బాయో మీ ఇంట్లో ఉంటే, ఇంటర్ తర్వాత డీసెట్ రాసి రెండేళ్ల డీఈఎల్‌ఈడీ చేయడం గురించి కూడా ఆలోచించండి. గుంటూరు వైపు వాళ్లకి బోయపాలెంలో, ప్రకాశం వాళ్లకి మైనంపాడులో ప్రభుత్వ డైట్ కాలేజీలున్నాయి. ఇంజినీరింగ్, మెడిసిన్ తప్ప మూడో మాట వినపడని మన స్కూళ్లలో దీని గురించి ఎవరూ చెప్పరు. మేమూ చెప్పం, ఒప్పుకుంటున్నాను.

ఇంకో మాట. టీచరు పోస్టుకి డీఎస్సీ ఒక్కటే చాలదు. టెట్ ముందే పాసై ఉండాలి, ఆ మార్కులకి 20 శాతం వెయిటేజీ ఉంది. డీఎస్సీ పరీక్ష 80 మార్కులకే. టెట్ ఇప్పుడు ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది కాబట్టి బొటాబొటీగా పాసై వదిలేసేవాళ్లు చాలామంది. మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయొచ్చు. నేను రాయలేదు. అక్కడే తప్పు చేశాను.

మీ బిడ్డ ఏ జిల్లావాడు?

ఇది మీలో చాలామందికి ఇవాళే, పిల్లలు స్కూల్లో ఉండగానే, పనికొచ్చే విషయం. కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం టీచర్ల వంటి జిల్లా స్థాయి పోస్టుల్లో 80 శాతం స్థానికులకి. మిగతా 20 శాతంలో అందరూ పోటీపడాలి. స్థానికులంటే పుట్టిన ఊరు కాదు, ఓటరు కార్డు కాదు, పొలం పాసుపుస్తకం కాదు. బిడ్డ ఎక్కడ చదివాడన్నదే లెక్క. పదో తరగతితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా. అలా నాలుగేళ్లు కుదరకపోతే నాలుగు నుంచి పది దాకా ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ.

ఉదాహరణకి ఒంగోలు దగ్గర ఊళ్లో ఆరో తరగతి దాకా చదివిన పిల్లవాణ్ణి ఏడులో విజయవాడ హాస్టల్లో వేశారనుకోండి. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, నాలుగేళ్లూ అక్కడే. ఇక ఆ పిల్లవాడు కృష్ణా జిల్లా స్థానికుడు. అమ్మానాన్నలు, తాతముత్తాతలు ప్రకాశంలో ఉన్నా సరే, ప్రకాశంలో టీచరు పోస్టుకి అతను ఆ 20 శాతంలోనే పోటీపడాలి. అదే పిల్లవాణ్ణి ఒక్క ఏడాది ఆగి ఎనిమిదిలో పంపితే, నాలుగు నుంచి ఏడు దాకా నాలుగేళ్లు ప్రకాశం, మూడేళ్లు కృష్ణా. అప్పుడతను ప్రకాశం స్థానికుడే. ఒక్క ఏడాది తేడా. హాస్టల్ స్కూళ్లున్న సంస్థలో పనిచేస్తూ ఈ మాట రాయడం నాకు కాస్త ఇబ్బందే, కానీ తెలిసి దాచలేను. ఏ జిల్లా స్థానికత అయినా తక్కువది కాదు. తెలిసి ఎంచుకోండి, అంతే.

2022లో జిల్లాలు 26 అయ్యాయి కదా అని కంగారు పడకండి, మెగా డీఎస్సీ పాత 13 జిల్లాల లెక్కనే జరిగింది. ఇప్పుడు అమరావతి గుడి పల్నాడు జిల్లాలో, అమరావతి రాజధాని గుంటూరు జిల్లాలో ఉన్నా, డీఎస్సీకి రెండూ గుంటూరే. రాజధాని పక్క ఊళ్లవాళ్లం కాబట్టి సచివాలయంలో ఉద్యోగాలు మన పిల్లలకే అని కొందరు తల్లిదండ్రులు నాతో అన్నారు. పక్క ఊరన్న హక్కు ఏ నోటిఫికేషన్‌లోనూ ఉండదు.

నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు చాలంటారు గానీ, నన్నడిగితే ఒకటో తరగతి నుంచీ దాచండి. తెలంగాణలో 2018లో కొత్త ఉత్తర్వు వచ్చి, ఒకటి నుంచి ఏడు దాకా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది లెక్కగా మారింది, స్థానికుల వాటా 95 శాతమైంది. నిబంధన ఇక్కడా ఎప్పుడైనా మారొచ్చు, కాగితం చేతిలో ఉంటే చింత లేదు. స్కూలు మూతపడి ఉంటే మండల విద్యాశాఖ అధికారి ఆఫీసులో అడగాలి. పదేళ్ల తర్వాత తిరగడం కన్నా స్కూలు మారిన రోజే తీసుకోవడం సులువు. పిల్లలు ఆటల్లో గెలిచిన సర్టిఫికెట్లు కూడా అదే కవర్లో పెట్టండి. స్పోర్ట్స్ కోటా ఉంది.

నాలుగు లక్షల సంగతి

అవుట్‌సోర్సింగ్ ఉద్యోగమంటే ప్రభుత్వ ఆఫీసులో కూర్చునే ఉద్యోగం, ప్రభుత్వ ఉద్యోగం కాదు. మధ్యలో ప్రైవేటు ఏజెన్సీలు జీతాలు కోసుకుంటున్నాయని, పోస్టులకి డబ్బు తీసుకుంటున్నాయని ఫిర్యాదులు వచ్చే 2020 జులైలో ప్రభుత్వం ఆప్కాస్ అనే సంస్థ పెట్టింది. పర్మినెంట్ చేస్తారన్న మాటకి చేతికి ఇచ్చే కాగితం ఏదీ ఉండదు. పోస్టు నిజంగా ఉంటే కలెక్టరేట్ వెబ్‌సైట్‌లోనో, ఆ శాఖ నోటీసు బోర్డులోనో, పేపర్లోనో ప్రకటన ఉంటుంది. ప్రకటన లేకుండా మనిషి ఒక్కడే ఉంటే పోస్టు లేదని అర్థం. పోనీ ఉందే అనుకున్నా, డబ్బిచ్చినందుకు మీరూ నేరంలో భాగస్తులే. అది పోయాక పోలీస్ స్టేషన్‌కి వెళ్లడానికీ కాళ్లు ఆడవు.

ట్రస్టుల్లో పని

ఆ పెద్దమ్మాయితో తర్వాత ఫోన్లో మాట్లాడాను. "మేడమ్, నాకు నలుగురికీ ఉపయోగపడే పని కావాలి, అది గవర్నమెంటే అవ్వాలని లేదు, నాన్నకి ఎలా చెప్పను?" అంది. ఇదిగో ఇలా.

ట్రస్టు అనగానే మనవాళ్లు జీతంలేని సేవ అనుకుంటారు. కాదు, అక్కడా అకౌంటెంట్లు, నర్సులు, టీచర్లు, ఫీల్డ్ ఆఫీసర్లు జీతాలకే చేస్తారు. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి విజయవాడ పక్కన తాడిగడపలో క్యాంపస్ ఉంది. ఇంటర్ పాసైనవాళ్లకి ఏడాది శిక్షణ ఇచ్చి, పల్లెల్లోని విజన్ సెంటర్లలో విజన్ టెక్నీషియన్లుగా పెట్టుకోవడం వాళ్ల పద్ధతి. పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి, మంగళగిరి దగ్గర ఆత్మకూరులో అక్షయపాత్ర వంటశాల, ఇవన్నీ మనకి బస్సు దూరంలోనే. గుంటూరులోని రైతు సాధికార సంస్థ ప్రభుత్వమే పెట్టిన లాభాపేక్ష లేని కంపెనీ. మందులు కొట్టి కొట్టి విసిగిపోయిన మన పత్తి, మిర్చి రైతుల దగ్గరికి ప్రకృతి వ్యవసాయాన్ని తీసుకెళ్లేది వాళ్లే. అగ్రికల్చర్ చదివినవాళ్లని ఫెలోలుగా, అనుభవమున్న రైతుల్నే ఊళ్లలో శిక్షకులుగా తీసుకుంటారు. డిగ్రీ అయినవాళ్లకి టీచ్ ఫర్ ఇండియా, గాంధీ ఫెలోషిప్ ఉన్నాయి. రెండూ రెండేళ్లే, నెలనెలా డబ్బు ఇస్తారు.

ఈ ఉద్యోగాలకి కోచింగ్ లేదు. సంస్థ వెబ్‌సైట్‌లో కెరీర్స్ పేజీ, లింక్డ్ఇన్, డెవ్‌నెట్ జాబ్స్ ఇండియా చూడాలి. ఒక పేజీ రెజ్యూమె, ఒక పేజీ ఉత్తరం. ఆ ఉత్తరంలో "ఐ యామ్ హార్డ్ వర్కింగ్" అని రాసి లాభం లేదు. ఎన్ఎస్ఎస్ క్యాంపులో ఏం చేశారు, ఊళ్లో ఎవరి పెన్షన్ దరఖాస్తు నింపిపెట్టారు, అది రాయాలి. ఇంగ్లిష్ టీచర్ని అయ్యుండి చెబుతున్నాను, ఇక్కడ తెలుగు చాలా ముఖ్యం. పొద్దున రైతుతో తెలుగులో మాట్లాడి సాయంత్రం రిపోర్టు ఇంగ్లిష్‌లో రాయగలిగినవాళ్లు తక్కువ. ఇంట్లో పిల్లలతో ఇంగ్లిషే మాట్లాడమని మమ్మల్ని అడిగే తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకుంటే సంతోషం.

చేరే ముందు చూడాల్సినవీ ఉన్నాయి. నీతి ఆయోగ్ వారి ఎన్జీఓ దర్పణ్‌లో సంస్థ పేరుందా, 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉన్నాయా, వార్షిక నివేదిక బయట పెడుతున్నారా, అపాయింట్‌మెంట్ ఆర్డరు, పీఎఫ్ ఇస్తారా. రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే అక్కడితో ఆపేయండి. ఈ రంగంలో అసలు బలహీనత ప్రాజెక్టు. విరాళం మూడేళ్లకైతే ఉద్యోగమూ మూడేళ్లకే. 1969 నుంచి అనంతపురం జిల్లాలో పనిచేస్తున్న ఆర్డీటీ అంత పెద్ద సంస్థకే 2025లో విదేశీ విరాళాల అనుమతి రెన్యువల్ చిక్కుల్లో పడితే అక్కడి జనం రోడ్డెక్కారు. ఇంటర్వ్యూలో "ఈ పోస్టుకి నిధులు ఎప్పటిదాకా ఉన్నాయి?" అని అడగడం మర్యాద తక్కువేమీ కాదు, పిల్లలకి చెప్పండి.

ఆ నాన్నగారు మొన్న శనివారం మళ్లీ వచ్చారు. ప్లాస్టిక్ కవర్లో పెద్దమ్మాయి సర్టిఫికెట్లన్నీ తెచ్చారు. నాలుగు, ఐదు తరగతులవి లేవు, ఆ స్కూలు ఎప్పుడో మూసేశారట. సోమవారం ఎంఈఓ ఆఫీసుకి వెళతానన్నారు. అమ్మాయి కంటి ఆసుపత్రికి అప్లికేషన్ పెట్టింది, గ్రూప్-2 పాత పేపర్లూ తెచ్చుకుందట. "ఆయనకి ఏం చెప్పారండీ?" అని అడిగాను. "కాయ అమ్మాక చూద్దామన్నా మేడమ్. రేటు పడిపోయిందిగా, ఇక అడగడులే" అన్నారు.