ఈసారి ఎన్ని చాపలు?

మా ఇంట్లో వేసవి మార్చి 30న పొద్దున్న ఎనిమిదింటికి మొదలవుతుంది. ఎండ ముదిరి కాదు, రైలు టికెట్ల కోసం. ఇదివరకు 120 రోజుల ముందే రిజర్వేషను తెరిచేవారు కాబట్టి సంక్రాంతి అరిసెలు అవ్వకముందే అందరికీ ఫోన్లు చేసేదాన్ని. 2024 నవంబరు నుంచి దాన్ని 60 రోజులకి కుదించారు. ఇప్పుడు హైదరాబాదులో ఉన్న పదకొండు కుటుంబాలూ ఒకే నిమిషంలో నరసాపురం రైలు మీద పడతాయి. టికెట్లు దొరికినవాళ్ళు గ్రూపులో ఫొటో పెడతారు. దొరకనివాళ్ళు నాకు ఫోన్ చేసి దెబ్బలాడతారు, రైళ్ళన్నీ నేనే నడుపుతున్నట్టు.

నాకే ఎందుకంటే, పుస్తకం నా దగ్గర ఉంది. బ్యాంకులో పనిచేసే రోజుల్లో తెచ్చుకున్న పొడుగాటి లెడ్జరు అది. 1992లో మొదటి పేజీ ఇలా ఉంటుంది: "మనుషులు 41. చాపలు 26. బొంతలు 14. బియ్యం పూటకి 5 కిలోలు. దిండ్లు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. (ఎవరూ తేలేదు.)" కిందటేడు పేజీలో మనుషులు 64, బియ్యం పూటకి 7 కిలోలు. మనుషులు సగానికి సగం పెరిగినా బియ్యం అంత పెరగలేదేమిటని నాకే అనుమానం వచ్చి లెక్క చూశాను. రాత్రి పూట పుల్కాలు తినేవాళ్ళు పదిహేడుమంది తేలారు.

మా తాతగారికి ఐదుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. ఇల్లు కోనసీమలో, సఖినేటిపల్లికి అవతల. నరసాపురంలో రైలు దిగి, మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి. అక్కణ్ణించి ఆటో. చించినాడ వంతెన మీదుగా కారులో నేరుగా రావచ్చు, చాలామంది అలాగే వస్తున్నారు. కానీ పిల్లలున్నవాళ్ళు ఒక్క పంటు కోసమే రైలెక్కుతారు. మోటారు సైకిళ్ళు, ఆటోలు, గెలలు, బస్తాలు, మనుషులు, అప్పుడప్పుడూ ఒక దూడ, అన్నీ ఒకే బల్ల మీద నది దాటుతుంటే డాలస్ నుంచి వచ్చిన పిల్లాడికి కూడా ఫోను గుర్తురాదు.

ఇలా కలవడం మా ఇంట్లో ఎవరో కనిపెట్టిన ఆచారం కాదు. వేసవి సెలవులకి ఆడపిల్లలు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వస్తారు. ముగ్గురు మేనత్తలు తలో నలుగురు పిల్లలతో వస్తే అక్కడికే పదిహేనుమంది. ఉద్యోగాలకి బయటికెళ్ళిన బాబాయిలు తేలితే ముప్ఫై. అంతే, దానికి పేరు లేదు, తేదీ లేదు. మామిడికాయ ముదిరాక వచ్చేవాళ్ళం, బళ్ళు తెరిచేలోపు వెళ్ళేవాళ్ళం.

ఇప్పుడు తేదీ కుదర్చడమే పెద్ద పని. మన బడులకి ఏప్రిల్ చివరి వారంలో సెలవులిచ్చి జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. టెక్సస్‌లో మే ఆఖరుకి గానీ సెలవులు రావు. న్యూజెర్సీలో అయితే జూన్ మూడో వారం దాకా బడి ఉంటుంది. కాబట్టి న్యూజెర్సీ వాళ్ళ మీద ఆశ వదిలేసుకుని, మిగిలినవాళ్ళకి కుదిరే కిటికీ వెతికితే మే 29 నుంచి జూన్ 5 వరకు ఒక్క వారం మిగులుతుంది. అది నిఖార్సయిన రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ అంటారే, ఆ వారమే. పైగా ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు మరమ్మతులకని ఏప్రిల్‌లో కట్టేస్తే, మళ్ళీ నీళ్ళొదిలేది జూన్‌లో. మా వైపు భూమిలో నీళ్ళు ఉప్పు. కాలువ కట్టేముందు నింపుకున్న మంచినీళ్ళ చెరువే వేసవంతా ఊరికి ఆధారం. అంటే ఊళ్ళో నీళ్ళు అన్నిటికంటే తక్కువగా ఉండే వారం చూసుకుని మేం 64 మందిమి దిగుతాం. చిన్నప్పుడు కావిళ్ళతో నీళ్ళు మోసే అతను మమ్మల్ని చూడగానే "ఆయ్, వచ్చేశారాండీ" అని నవ్వేవాడు. ఆ నవ్వులో సంతోషమెంతో నీరసమెంతో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు 20 లీటర్ల టిన్నులు రోజుకి పదమూడు వస్తాయి. తాగడానికి మాత్రమే.

నీళ్ళ తర్వాత చెప్పుకోవలసింది రెండో పేజీలో ఎర్రసిరాతో రాసుకున్న సంగతి. "మూడో రోజుకి సెప్టిక్ ట్యాంకు నిండును. ముందే చెప్పి ఉంచాలి." అంతకన్నా వివరం అక్కర్లేదు.

అసలు సంగతికి వస్తాను. నేను ఈ ఇంటి ఆడపిల్లని. 1985 మే నెలలో పెళ్ళయింది. అప్పటినుంచి వేసవిలో సగం పుట్టింట్లో, సగం అత్తవారింట్లో గడిపాను. పుట్టింట్లో ఉన్న పదిహేను రోజులూ మండువాలో చాప మీద పడుకుని నవల చదువుకునేదాన్ని. పెద్దవదిన కాఫీ తెచ్చి పక్కన పెట్టేది. మిగతా పదిహేను రోజులు అత్తవారింట్లో మా ఆడపడుచులు చాప మీద పడుకుని నవల చదువుకునేవారు, నేను కాఫీ తెచ్చి పక్కన పెట్టేదాన్ని. ఏళ్ళ తరబడి ఈ రెంటినీ కలిపి చూడలేదు. ఒక ఇంటి ఆడపిల్లకి వేసవి సెలవు దొరకాలంటే ఇంకో ఇంటి ఆడపిల్ల వేసవంతా పొయ్యి దగ్గర ఉండాలి. అందరం ఆనందంగా తలుచుకునే ఆ పాత సెలవులన్నీ ఈ మారకం మీదే నడిచాయి. నా వంతు నాకు అందింది కాబట్టి నేను నోరెత్తలేదు. పెద్దవదిన పుట్టిల్లు పలాస దగ్గర. దూరమని, ఇక్కడ పని అని, ఆవిడ వంతు ఆవిడకి అందనే లేదు.

2009 సంక్రాంతికి భోజనాలయ్యాక వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి పెద్దనాన్న ఎదురుగా నిలబడింది. "మామయ్యగారూ, ఈ ఏడు మే నెలంతా మా అమ్మ దగ్గర ఉండొస్తానండి. ఆవిడకి ఎనభై రెండు. పెళ్ళయ్యాక వేసవిలో ఒక్కసారీ వెళ్ళలేదు నేను." పెద్దనాన్న మంచివాడు. "ఆయ్, అలాగే వెళ్ళమ్మా, అడగాలా" అన్నాడు వెంటనే. వక్క నోట్లో వేసుకుని నమిలాడు. అర నిమిషం పోయాక అడిగాడు, "మరి వంట?"

వదిన వెళ్ళింది. ఆ మాట విని మిగతా కోడళ్ళలో ఇద్దరికి కూడా పుట్టిళ్ళు గుర్తొచ్చాయి. ఆ ఏడు మా ఇంటి మగవాళ్ళు మొదటిసారి ఆవకాయ పెట్టారు.

ఆవకాయ పెట్టడం నిజానికి వంట కాదు, తడి మీద యుద్ధం. కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టాలి. కత్తిపీట మీద ఒక్క దెబ్బకి టెంకతో సహా పగలాలి. టెంక లేని ముక్క నెల తిరక్కుండా మెత్తబడుతుంది. లోపల జీడి తీసేశాక టెంకకి అంటుకుని పల్చటి పొర ఒకటి ఉంటుంది, ఉల్లిపొర లాంటిది. దాన్ని వేలికి గుడ్డ చుట్టుకుని ప్రతి ముక్కకీ తుడవాలి. ఈ పని ఎప్పుడూ పిల్లలది. ఆవపిండి, కారం ఒక కొలత, ఉప్పు కాస్త తక్కువ, నూనె ముక్కలు మునిగేదాకా. మూడో రోజు తిరగకలిపి రుచి చూసుకోవాలి. మా అన్నయ్యలకి కొలతలన్నీ నోటికొచ్చు, ఏళ్ళ తరబడి తిన్నారు కదా. కత్తి దెబ్బలు కూడా బాగానే వేశారు. కానీ ఒకాయన పగిలిన ముక్కలకి మట్టి కనిపించిందని మళ్ళీ ఒకసారి శుభ్రంగా నీళ్ళలో కడిగాడు. జూన్ మొదట్లో జాడీ వాసెన విప్పితే పైన తెల్లటి బూజు, దుప్పటి పరిచినట్టు. 150 కాయల ఆవకాయ. వదిన తిరిగొచ్చి జాడీలోకి చూసి ఏమీ అనలేదు. పెద్దనాన్న మాత్రం ఆ మధ్యాహ్నమే రాజోలుకి మనిషిని పంపి ఒక వంటమాస్టారితో మాట్లాడించాడు.

అప్పటినుంచీ పొయ్యి వంటమాస్టారిది. ఖర్చు పెద్దవాళ్ళకి తలకి 4,000 చొప్పున ఫోన్‌పేలో వచ్చేస్తుంది. ఒకప్పుడు కొబ్బరి డబ్బులతో పెద్దనాన్న ఒక్కడే పెట్టుకునేవాడు. 1996 నవంబరు 6 తుపానుకి మా చెట్లలో సగం పైగా పడిపోయాయి, పెంకులు ఎగిరిపోయాయి. మరుసటి వేసవికి వెళ్ళొద్దనుకున్నాం, ఆయన మీద బరువని. ఆయనే ఉత్తరాలు రాసి పిలిచాడు. పెంకులు లేని మండువాలో ఆకాశం కింద పడుకున్నాం. ఆ ఏడు పేజీలో "పచ్చడి మెతుకులు" అని రాసి ఉంది, దాని కింద ఎవరో పిల్ల చేతిరాతతో "చాలా బావుంది."

డబ్బిచ్చి వంటవాణ్ణి పెట్టుకుంటే ప్రేమ తగ్గిందని అనేవాళ్ళు మా ఇంట్లో ఇద్దరు ముగ్గురున్నారు. అందరూ మగవాళ్ళే.

పిల్లల విషయానికొస్తే, వాళ్ళకి మొదటి రెండు రోజులు వరసలతో గడిచిపోతాయి. తమ్ముడి కొడుకు, డాలస్ వాడు, తొమ్మిదేళ్ళు. వాడి లెక్కలో ఇంట్లో 19 మంది కజిన్లు. మేమేమో వాళ్ళలో కొందరు అన్నలు, అక్కలు అంటాం, కొందర్ని బావలు, వదినలు, మరదళ్ళు అంటాం. దేనికి ఏది అని నన్ను నిలేశాడు. గోడ మీద సుద్దతో గీసి చెప్పాను. "మీ నాన్న, బాబాయి ఇద్దరూ మగవాళ్ళు. అన్నదమ్ముల పిల్లలు మీరూ అన్నదమ్ములే. అక్కచెల్లెళ్ళ పిల్లలైనా అంతే. నేను ఆడదాన్ని, మీ నాన్న మగాడు. అందుకని నా కొడుకు నీకు బావ." వాడు గోడ కాసేపు చూసి, "అంటే మీ ఇద్దరూ ఒకటైతే సేమ్, వేరైతే వేరు" అన్నాడు. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

ఈ తర్కం చూసి అమెరికాలోనే ఒకాయన ఎప్పుడో ఆశ్చర్యపోయాడు. లూయిస్ హెన్రీ మోర్గాన్ అని, న్యూయార్క్ రాష్ట్రంలో ఉండే సెనెకా ఆదివాసులు చుట్టరికాలు పిలుచుకునే తీరు రాసుకుంటూ, తమిళుల, తెలుగువాళ్ళ వరసలు కూడా తెప్పించుకుని పోల్చి చూశాడు. పినతండ్రి తండ్రితో సమానం, పినతల్లి తల్లితో సమానం, మేనమామ, మేనత్త వేరు. రెండుచోట్లా దాదాపు ఒకే అమరిక. 1871లో అచ్చయిన ఆయన పెద్ద పుస్తకంలో ఆ పట్టికలు ఉన్నాయి. మనకి అందులో మేనరికం కూడా ఇమిడి ఉంది. మా మేనత్త కూతురు నాకన్నా పెద్దది, కాబట్టి పుట్టుకతో నాకు వదిన. ఆవిణ్ణి మా బాబాయి పెద్దకొడుకు చేసుకున్నాడు. అన్నయ్య భార్య కాబట్టి పెళ్ళయ్యాకా వదినే. పిలుపు మార్చాల్సిన అవసరమే రాలేదు. ఇప్పటి పిల్లల్లో ఎవరూ మేనరికం చేసుకోవడం లేదు, అది మంచిదే. మాటలు మాత్రం ఆ పెళ్ళిళ్ళకి వీలుగానే నిలబడి ఉన్నాయి.

ఇల్లు ఎవరిదని అడుగుతారు బయటివాళ్ళు. నాన్నవాళ్ళు పొలాలు 1979లోనే పంచుకున్నారు, ఇల్లు పంచుకోలేదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకీ కొడుకులతో సమాన వాటా అని ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం తెచ్చినప్పుడు అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకి మాత్రమే. నా పెళ్ళి నాలుగు నెలల ముందు అయిపోయింది. చెల్లెలిది 1988లో. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళం, దానికి ఇంట్లో వాటా ఉంది, నాకు లేదు. ఇరవై ఏళ్ళు అది నన్ను "చుట్టం చూపుగా వచ్చావా" అని ఏడిపించింది. 2005 సెప్టెంబరులో కేంద్రం చట్టం మార్చి పెళ్ళయిందా లేదా అన్న తేడా తీసేసింది. సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్చేసింది, అక్కర్లేదని. అందరి లెక్కా వేస్తే ఇప్పుడు ఈ ఇల్లు అమ్మాలంటే 31 సంతకాలు కావాలి. మూడు దేశాల్లో ఉన్న 31 మందిని ఒక రిజిస్ట్రారు ఆఫీసుకి చేర్చేవాడు పుట్టలేదు కాబట్టి ఇల్లు ఉంది. మమకారం ఉందా అంటే ఉంది. కానీ దూలాలకి చెదపురుగు మందు కొట్టించడానికి 31 మందిలో ఎవరు ముందుకొస్తారో చూసినప్పుడు, ఇంటిని నిలబెట్టింది మమకారమా, సంతకాలా అని సందేహం వస్తుంది.

మొన్న మార్చి 30న కోడలు ఫోన్ చేసింది. నా కోడలు, గుంటూరు పిల్ల. "అత్తయ్యా, టికెట్లు అయిపోయాయి. కానీ మేం జూన్ ఒకటిన వస్తాం. ముందు మూడు రోజులు మా అమ్మ దగ్గర ఉంటాను, మామిడితాండ్ర పోస్తోంది, సాయం కావాలట."

సరేనన్నాను. పుస్తకం తీసి మొదటి మూడు రాత్రులకి ఒక చాప కొట్టేయబోతుంటే మళ్ళీ అంది, "రెండు తగ్గించండి. ఆయనా వస్తున్నారు. తాండ్ర ఆయనే పోస్తారట."

రెండు కొట్టేశాను. బూజు సంగతి వాడికి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.