టెక్నికల్ సపోర్టు ఉద్యోగం - ఇంటర్వ్యూకు సిద్ధం కావడం

ఉపోద్ఘాతం

ఇంటర్నెట్ రాకపోయినా, కంప్యూటరు ఆగిపోయినా మనం కంపెనీకి ఫోను చేస్తాం. అవతలి నుంచి మాట్లాడుతూ సమస్యను సరిచేయించే పనిని టెక్నికల్ సపోర్టు అంటారు. ఫోనులో సేవలందించే పనులు నగరాలకే పరిమితం కావు. బస్తర్ ప్రాంతంలోని దంతెవాడ జిల్లాలో, గీదం దగ్గరి జావంగాలో 2018లో యువ బి.పి.ఓ. ప్రారంభమయింది. స్థానిక యువతీ యువకులు అక్కడ శిక్షణ పొంది కాల్ సెంటర్ పనులు చేశారు.

ఈ పాఠం చదివాక మీరు:
- ఇంటర్వ్యూలో ఏమి పరిశీలిస్తారో చెప్పగలుగుతారు.
- ఒక సమస్యను వరుసక్రమంలో పరిష్కరించడం సాధన చేయగలుగుతారు.

1. ఏమి పరిశీలిస్తారు?

మొదటి మెట్టు ఉద్యోగానికి వచ్చినవారికి అన్నీ తెలిసి ఉండాలని ఎవరూ ఆశించరు. మీరు ఓపికగా వింటారా, సరైన ప్రశ్న అడుగుతారా, ఒక క్రమంలో ఆలోచిస్తారా అన్నదే ముఖ్యంగా చూస్తారు.

ఉదాహరణ: "ఇంటర్నెట్ రావడం లేదని ఒకరు ఫోను చేశారు. మీరేం చేస్తారు?" అని అడిగారనుకోండి. వెంటనే "మోడెం మార్చాలి" అనకండి. ఇలా చెప్పండి:

(అ) ఎప్పటి నుంచి రావడం లేదు? ఒక్క ఫోనులోనేనా, అన్నిటిలోనా? అని అడుగుతాను.
(ఆ) మోడెంకు కరెంటు వస్తోందా, ఏ లైట్లు వెలుగుతున్నాయి? అని అడుగుతాను.
(ఇ) వైర్లు సరిగా బిగించారో లేదో చూడమంటాను.
(ఈ) మోడెం ఆపి, కొంచెం ఆగి, మళ్లీ వేయమంటాను.
(ఉ) అప్పటికీ రాకపోతే ఫిర్యాదు నమోదు చేసి, నంబరు ఇచ్చి, పై స్థాయి సిబ్బందికి పంపుతాను.

తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, తెలుసుకుని చెబుతాను" అనండి. ఊహించి చెప్పిన తప్పు సలహా వల్ల అవతలివారికే నష్టం.

2. మీ భాషలు, మీ చదువు

కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు తెలిసినవారు చాలామంది. హిందీ, హల్బీ, గోండీ కూడా మాట్లాడేవారున్నారు. ఫోనులో మాట్లాడే ఉద్యోగానికి ప్రతి భాషా ఒక అర్హతే. మీకు వచ్చిన భాషలన్నీ దరఖాస్తులో రాయండి. ఇంగ్లీషు పూర్తిగా రాకపోయినా సెట్టింగ్స్, నెట్‌వర్క్, పాస్‌వర్డ్ వంటి తెర మీది మాటలను చదివి అర్థం చెప్పగలగాలి.

చదువు మధ్యలో ఆగిందా? దాచకండి. "మిరప కోతలకు ఖమ్మం వైపు వెళ్లేవాళ్లం, అందువల్ల బడి మానేశాను. తరువాత సార్వత్రిక విద్య ద్వారా పది పాసయ్యాను" అని ఉన్నది ఉన్నట్లు చెప్పండి. పని చేసుకుంటూ చదవడం పట్టుదలకు గుర్తు.

3. జాగ్రత్త

ఉద్యోగం ఇస్తామని ముందుగా డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. చేరేముందు జీతం, రాత్రి షిఫ్టు, రవాణా, శిక్షణ కాలంలో ఇచ్చే మొత్తం గురించి అడగండి. అలా అడగడం తప్పు కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. "ఫోను చార్జింగ్ ఎక్కడం లేదు" అన్నవారిని మీరు అడిగే నాలుగు ప్రశ్నలను వరుసగా రాయండి.
2. ఇంట్లో ఒకరిని కోపంగా ఫిర్యాదు చేయమనండి. వారి మాట పూర్తయ్యే దాకా విని, సమస్యను మీ మాటల్లో తిరిగి చెప్పండి. సరిగా చెప్పారా అని వారినే అడగండి.