చిన్న విమానానికి ఏ థ్రాటిల్ పెట్టుకోవాలి?

హోసూరు, జక్కూరు, యలహంక చుట్టుపక్కల తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు తల మీద చిన్న విమానం చప్పుడు కొత్త కాదు. బెంగళూరులోని ఎన్.ఏ.ఎల్. రూపొందించిన రెండు సీట్ల 'హంస' విమానాలు తయారైంది హోసూరులోని తనేజా ఏరోస్పేస్‌లోనే. జక్కూరులో ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూలు ఉంది. అమెరికాలోనైతే కిట్ తెప్పించుకుని సొంత గ్యారేజీలోనే విమానం కట్టుకోవడం చాలామందికి సరదా. మన ఇళ్లలో పిల్లలు పైలట్ శిక్షణకు వెళ్తామన్నా, అమెరికాలో ఉన్న బంధువు కిట్ విమానం కడుతున్నానన్నా, పెద్దవాళ్లు అడిగేది ఒకటే: "అది భద్రమేనా?" ఆ ప్రశ్నకు జవాబులో కొంత భాగం పైలట్ చేతికింద ఉండే ఒక చిన్న మీటలో ఉంది. దాని పేరు థ్రాటిల్. ఈసారి దాని గురించే చెప్పుకుందాం.

ఇంజను శక్తిని పెంచేదీ తగ్గించేదీ థ్రాటిలే. కారులో ఆ పని కాలితో చేస్తాం, కాలు తీస్తే వేగం తగ్గిపోతుంది. విమానంలో అలా కుదరదు. గంటల తరబడి ఒకే శక్తి మీద ఎగరాలి కాబట్టి మీట పెట్టినచోటే ఉండాలి. పొలంలో ట్రాక్టర్ నడిపినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ట్రాక్టరుకు కాలి ఆక్సిలరేటరు కాక చేత్తో లాగి వదిలేసే మీట ఇంకొకటి ఉంటుంది కదా, పంపుసెట్టో రోటవేటరో నడిపేటప్పుడు దాన్నే వాడతారు. విమానం థ్రాటిల్ ఆ తరహాది. అయితే ట్రాక్టరుకు లేని చిక్కు ఒకటి ఇక్కడుంది. పెట్టినచోట కదలకుండా ఉండే ఆ మీటే, అవసరం పడ్డ క్షణంలో ఒక్క తోపుతో చివరిదాకా వెళ్లాలి. కదలకుండా ఉండటం, వెంటనే కదలడం రెండూ ఒకదానికొకటి అడ్డు. మార్కెట్లో దొరికే ప్రతి థ్రాటిలూ ఈ రెండింటి మధ్య ఏదో ఒక రాజీయే.

వాటిలో చవకైనది, ఎక్కువగా కనిపించేది సాదా పుష్-పుల్ నాబ్. పాత అంబాసిడర్ కారు డ్యాష్‌బోర్డు మీద లాగే చోక్ ఉండేది గుర్తుందా? చూడ్డానికి అలాగే ఉంటుంది. ముందుకు నెడితే శక్తి పెరుగుతుంది, వెనక్కు లాగితే తగ్గుతుంది. కడ్డీ చుట్టూ బిగింపు రింగు ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పి కడ్డీ ఎంత గట్టిగా కదలాలో సరిచేసుకుంటారు. ప్రపంచమంతా శిక్షణకు వాడే సెస్నా 172లో ఉండేది ఈ రకమే.

వెర్నియర్ అనేది దీనికి ఖరీదైన అన్న. నాబ్ మధ్యలో బొత్తాం ఉంటుంది. బొత్తాం నొక్కి పట్టుకుంటే సాదా నాబ్‌లాగే ముందుకూ వెనక్కూ జరుగుతుంది. నొక్కకుండా తిప్పితే మరలాగా వెంట్రుకవాసి చొప్పున కదులుతుంది. ఇంజను వేగాన్ని పది, ఇరవై చుట్ల తేడాతో సరిచేసుకోవచ్చు. పైగా తానంతట తాను జారదు. ఒకసారి చేతిలోకి తీసుకుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కిట్ విమానం కట్టేవాళ్లలో చాలామంది దీనికే మొగ్గు చూపడంలో ఆశ్చర్యం లేదు.

ఇక క్వాడ్రంట్. ఒక పెట్టెలోంచి పైకి వచ్చే నిలువు మీటలు, పక్కన బిగింపు చక్రం. పెద్ద విమానాల కాక్‌పిట్ ఫోటోల్లో మనం చూసేది ఈ కుటుంబానిదే. పైపర్ చెరొకీ విమానాలు మొదట్లో నాబ్‌లతో వచ్చి తర్వాత క్వాడ్రంట్‌కు మారాయి. మీట ఎక్కడుందో కన్ను వేయకుండానే చేతికి తెలుస్తుంది, మణికట్టును సహజంగా ఆనించుకోవచ్చు. చోటు ఎక్కువ తీసుకుంటుంది, లోపల లింకులూ ఎక్కువ. సిరస్ ఎస్‌ఆర్22 లాంటి కొన్ని విమానాల్లో థ్రాటిల్, ప్రొపెల్లర్ రెండింటినీ ఒకే మీటకు కలిపేశారు. కానీ సొంతంగా కట్టుకునేవారు ఆ దారి పట్టాల్సిన పనిలేదు.

మరి ఏది మంచిది? ఎంత సన్నగా సరిచేయవచ్చు అన్న ప్రశ్నతో మొదలుపెడితే వెర్నియరే గెలుస్తుంది. మేము మాత్రం ఆ ప్రశ్నతో మొదలుపెట్టవద్దంటాం. దిగడానికి వస్తున్న విమానాన్ని ఊహించుకోండి. రన్‌వే మీదికి అడ్డంగా ఏదో వచ్చింది, లేదా గాలి తోసేసింది. దిగడం మానుకుని మళ్లీ పైకి లేవాలి. దీన్నే గో-అరౌండ్ అంటారు. అప్పటికి విమానం నేలకు దగ్గర్లో, తక్కువ వేగంతో ఉంటుంది, థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది. పైలట్‌కు ఉన్నవి క్షణాలే. ఆ క్షణాల్లో చేయి ఏం చేస్తుందన్నదే అసలు పరీక్ష.

ఇక్కడ వెర్నియర్‌కు అన్యాయం చేయకూడదు. అరచేతితో గట్టిగా తోస్తే బొత్తాం దానంతటదే నొక్కుకుపోయి నాబ్ ముందుకు వెళ్తుంది. గో-అరౌండ్‌లో పెద్ద ఇబ్బంది రాదు. ఇబ్బంది వెనక్కు లాగేటప్పుడు. వేళ్లతో నాబ్‌ను లాగుతూ, బొటనవేలితో బొత్తాన్ని లోపలికి నొక్కాలి. ఒకే చేయి రెండు ఎదురు దిక్కుల్లో పనిచేయాలి. దిగేటప్పుడు శక్తిని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, పెంచుతూ ఉండాలి కాబట్టి అక్కడే చేయి తడబడుతుంది. అలవాటు చేసుకున్నవారికి ఇబ్బంది లేదు. కానీ ఒక్కో విమానాన్ని నలుగురు పంచుకునే క్లబ్బుల్లో, నెలకోసారి ఎగిరే యజమానుల విషయంలో, అలవాటు మీద అంత భారం వేయడం మాకు నచ్చదు. థ్రాటిల్‌కు సాదా నాబ్ లేదా క్వాడ్రంట్, ఇంధన మిశ్రమాన్ని సరిచేసే మిక్స్చర్‌కు వెర్నియర్. మా ఓటు ఈ అమరికకే. మిక్స్చర్‌ను పైకి వెళ్లాక నెమ్మదిగా, సన్నగా సరిచేస్తారు, దానికి మరలాంటి నాబ్ నిజంగా పనికొస్తుంది.

సాదా నాబ్‌కూ ఒక జబ్బు ఉంది. బిగింపు రింగు వదులైతే ఇంజను అదురుకు నాబ్ మెల్లగా వెనక్కు జారుతుంది. టేకాఫ్ తీసుకుంటూ పైలట్ ఫ్లాపుల కోసం చేయి తీశాడనుకోండి, థ్రాటిల్ జారి శక్తి తగ్గిపోతుంది. ఇంజను చెడిపోయిందని పైలట్ కంగారు పడతాడు. తప్పు ఇంజనుది కాదు, రింగుది. టేకాఫ్‌లో చేయి థ్రాటిల్ మీదే ఉంచమని శిక్షకులు పదేపదే చెప్పడానికి ఇదొక కారణం. బయల్దేరే ముందు రింగు బిగువు చూసుకోవడానికి రెండు సెకన్లు చాలు.

ఇంతవరకూ చేతికి అందే భాగం. అసలైన జాగ్రత్త కంటికి కనిపించని కేబుల్ దగ్గర ఉంది. స్కూటర్ క్లచ్ కేబుల్ ఎలా ఒక్కో పోగూ తెగి చివరికి నడిరోడ్డు మీద ఆపేస్తుందో మనందరికీ తెలిసిందే. విమానంలో కేబుల్ తెగితే ఇంజను ఏం చేస్తుంది? దీనికి ఒకే జవాబు లేదు. కార్బురేటర్ దగ్గర స్ప్రింగు ఉందా, ఉంటే ఎటు లాగుతుంది అన్నది ఇంజనుకూ ఇంజనుకూ మారుతుంది. తేలికపాటి విమానాల్లో విరివిగా కనిపించే రోటాక్స్ 912లో రెండు కార్బురేటర్లు, రెండు కేబుళ్లు ఉంటాయి. స్ప్రింగులు వాటిని పూర్తిగా తెరిచే వైపు లాగుతాయి, కేబుల్ మూసే వైపు లాగుతుంది. అంటే కేబుల్ తెగితే ఇంజను ఆగదు, నిండు శక్తితో పరుగెడుతుంది. వినడానికి భయంగా ఉన్నా ఇది ఆలోచించి చేసిన పనే. ఎత్తు చేతిలో ఉంటుంది, విమానాశ్రయం పైకి వచ్చాక ఇంజను ఆపేసి జారుకుంటూ దిగవచ్చు. ఒక్క కేబులే తెగితే ఒక కార్బురేటర్ పూర్తిగా తెరుచుకుని, రెండోది థ్రాటిల్ మాట వింటూ ఉంటుంది. థ్రాటిల్ తగ్గించేకొద్దీ ఇంజను విపరీతంగా అదురుతుంది. అప్పుడు రెండోదాన్నీ పూర్తిగా తెరిచి సమానం చేయాల్సి వస్తుంది.

ఈ స్ప్రింగుల వల్ల ఎంపిక మీద ఒక ప్రభావం ఉంది. రోటాక్స్ ఇంజనుకు బిగింపు బలహీనంగా ఉన్న నాబ్ పెడితే అది వెనక్కు కాదు, ముందుకు జారుతుంది. నేల మీద బ్రేకులు పట్టి నిలబెట్టిన విమానం మెల్లగా కదలడం మొదలెడుతుంది. కాబట్టి ఇంజను ఏదో తేలకుండా థ్రాటిల్ కొనకూడదు.

హంస-3లో వాడిన రోటాక్స్ 914 దీనికి ఇంకో మంచి ఉదాహరణ. అది టర్బో ఇంజను. 100 శాతం దగ్గర 100 హార్స్‌పవర్ ఇస్తుంది, అలా ఎంతసేపైనా నడపవచ్చు. టేకాఫ్ కోసం 115 శాతం దాకా తోయవచ్చు, అప్పుడు 115 హార్స్‌పవర్ వస్తుంది, కానీ 5 నిమిషాలకు మించి కాదు. మధ్యలో 108 నుంచి 110 శాతం మధ్య టర్బో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది, అక్కడ ఆగకూడదు, దాటిపోవాలి. ఇలాంటి ఇంజనుకు 100 శాతం దగ్గర చేతికి తగిలే స్పష్టమైన ఆపు ఉండాలి. అది లేని నాబ్ ఎంత అందంగా ఉన్నా ఇక్కడ పనికిరాదు.

కేబుల్ బిగించడంలో కొన్ని సంగతులు పుస్తకంలో ఒక్క వరుసలో ఉంటాయి, ప్రాణం మాత్రం వాటి మీదే ఆధారపడుతుంది. ఇంజను రబ్బరు దిండ్ల మీద కూర్చుని ఊగుతుంటుంది. కేబుల్ చివర పట్టీని ఇంజనుకే బిగించాలి, విమానం చట్రానికి కాదు. చట్రానికి బిగిస్తే ఇంజను ఊగినప్పుడల్లా థ్రాటిల్ కూడా కదులుతుంది. ఫైర్‌వాల్‌కూ ఇంజనుకూ మధ్య కేబుల్‌కు కొంచెం వదులు వంపు ఇవ్వాలి. ఎక్కడా ఇరుకు వంపు రాకూడదు, వస్తే నాబ్ బరువెక్కుతుంది, పోగులు అరుగుతాయి. ఎగ్జాస్టు గొట్టానికి దూరంగా పోవాలి. పూర్తిగా నెట్టినప్పుడు ముందుగా ఆగాల్సింది కార్బురేటర్ దగ్గరి మీట, ప్యానెల్ దగ్గర నాబ్‌కు ఇంకా రెండు మూడు మిల్లీమీటర్ల చోటు మిగలాలి. లేదంటే లోపల నాబ్ చివరికి వచ్చేస్తుంది, అక్కడ ఇంజనుకు నిండు శక్తి అందదు. చివరి జాయింటులో క్యాజిల్ నట్టు, దానికి కాటర్ పిన్ను తప్పనిసరి. బాల్ బేరింగు ఊడినా కడ్డీ జారిపోకుండా పక్కన వెడల్పాటి వాషరు వేయాలి. పది రూపాయల పిన్ను మరిచిపోతే నట్టు వదులై, థ్రాటిల్ చేతిలో ఉన్నా ఇంజనుతో సంబంధం తెగిపోతుంది.

ఏ చేతికి అందాలన్నది కూడా ముందే ఆలోచించాలి. సెస్నాలో ఎడమ సీట్లో కూర్చున్నవారు ఎడమ చేత్తో నడుపుతూ కుడి చేత్తో థ్రాటిల్ పట్టుకుంటారు. ఒకరి వెనక ఒకరు కూర్చునే ఆర్‌వి-8 లాంటి కిట్ విమానంలో స్టిక్ కుడి చేతిలో, థ్రాటిల్ ఎడమ గోడ మీద ఉంటుంది. అక్కడ క్వాడ్రంట్ తప్ప మరేదీ అంత సుఖంగా కుదరదు. నాబ్ రంగులు మార్చే సరదా మాత్రం వద్దు. థ్రాటిల్ నలుపు, ప్రొపెల్లర్ నీలం, మిక్స్చర్ ఎరుపు అన్నది అన్నిచోట్లా అలవాటైన వాడుక. థ్రాటిల్ అనుకుని ఎర్ర నాబ్ లాగితే ఇంజను ఆగిపోతుంది.

అమెరికాలో సొంతంగా కట్టుకునే ఎక్స్‌పెరిమెంటల్ విమానాలకు కట్టేవారే థ్రాటిల్ ఎంచుకోవచ్చు. ఫ్యాక్టరీలో తయారై ధృవీకరణ పొందిన విమానానికి ఆ స్వేచ్ఛ లేదు. మన దేశంలో వీటీ నమోదు ఉన్న అలాంటి విమానానికి నాబ్ మార్చాలన్నా ఆమోదం పొందిన మార్పుగానే, లైసెన్సు ఉన్న ఇంజనీరు చేతే జరగాలి. అమెరికా నుంచి వచ్చే బంధువు సూట్‌కేసులో వెర్నియర్ తెచ్చిచ్చాడని బిగించేయడానికి లేదు.

కొత్త థ్రాటిల్ బిగించాక ఒక మనిషిని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి, ఇంజను ఆపి ఉండగానే కవరు తీసి పరీక్ష చేయాలి. లోపలివారు నాబ్‌ను పూర్తిగా నెట్టి, పూర్తిగా లాగుతుంటే, బయటివారు కార్బురేటర్ మీట రెండు చివరలా ఆపును తాకుతోందో లేదో కళ్లారా చూడాలి. తర్వాత లోపలివారు కళ్లు మూసుకుని సీటు బెల్టు పెట్టుకుని, చేయి ఒడిలోంచి తీసి ఒక్క కదలికలో థ్రాటిల్‌ను పట్టుకుని చివరిదాకా తోయాలి. చేయి వెతుక్కుంటే, లేదా మిక్స్చర్ మీద పడితే, అమరిక మార్చాల్సిందే. ఇంజను నడిపించాక పట్టీ దగ్గర కేబుల్ కదులుతోందేమో ఇంజనీరు ఒకసారి చూడాలి. మొదటి 10 గంటల తర్వాత కవరు తీసి కాటర్ పిన్నునూ, కేబుల్ ఒరిపిడినీ మళ్లీ చూసుకోవడం మంచిది.