కదిరి సీమలో కరెంటు సంఘాలు

అంగడివాడు ఎవరైనా "అయ్యా, మా సరుకు కొంచెం తక్కువ కొనండి, తక్కువ కొంటే మీకే కొంత డబ్బు తిరిగి ఇస్తాము" అంటాడా? అనడు. అన్నాడంటే ఆ అంగడి ఎక్కువ రోజులు నిలవదని మనం అనుకుంటాము. కాని ఒక్క సరుకు విషయంలో ఈ వింత నిత్యమూ జరుగుతూనే ఉన్నది. ఆ సరుకే విద్యుచ్ఛక్తి. అమెరికా పల్లెలకు కరెంటు ఇచ్చే సహకార సంఘాలు చాలావరకు, తక్కువ కరెంటుతో ఇంటిని వెచ్చబరిచే యంత్రమో, నీళ్ళు కాచే యంత్రమో పెట్టుకున్న సభ్యునికి దాని ఖరీదులో కొంత భాగం తిరిగి ఇస్తున్నవి.

ఇందులో ధర్మబుద్ధి కంటె లెక్క ఎక్కువ. ఆ అంగడికి యజమానులు కొనేవాళ్ళే. సంఘం పెద్ద కంపెనీ దగ్గర కరెంటు టోకుగా కొని సభ్యులకు చిల్లరగా అమ్ముతుంది. చలికాలం ఉదయాన అందరూ ఒక్కసారి మీట నొక్కితే ఆ గంటలో కొనే కరెంటు చాలా ప్రియం. ఆ భారం తిరిగి సభ్యుల నెత్తినే పడుతుంది. అందుచేత వాడకం తగ్గించుకున్నవానికి కాస్త ముట్టజెప్పడమే సంఘానికి లాభం.

ఇటువంటి సంఘాలు మన తెలుగునాట కూడ ఏర్పడినవనీ, కరువుకు పేరుబడిన అనంతపురం సీమలోనే రెండు ఉండేవనీ ఈనాడు ఎంతమందికి జ్ఞాపకం?

అక్కడ మొదలై ఇక్కడికి

1935లో రూజ్వెల్టు ప్రభుత్వం పల్లెల విద్యుదీకరణకు ప్రత్యేకంగా ఒక శాఖను నెలకొల్పింది. అప్పటికి అమెరికాలో పదిమంది రైతులలో సుమారు తొమ్మిదిమంది ఇళ్ళు దీపపు బుడ్డితోనే కాలం గడుపుతున్నవి. మైళ్ళ పొడుగునా తీగ లాగి మూడిళ్ళకు కరెంటు ఇస్తే ఏమి గిట్టుబాటని కంపెనీలు ముఖం చాటేసినవి. అప్పుడు రైతులే కూడి సంఘాలు పెట్టుకుని, ప్రభుత్వపు అప్పుతో స్తంభాలు పాతుకున్నారు. నేటికీ అక్కడ 900 వరకు అటువంటి సంఘాలు పనిచేస్తున్నవి.

మన దేశంలో 1969లో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ వెలసింది. అమెరికా సహకార నిపుణుల సలహాతో ప్రయోగార్థం ఐదు చోట్ల సంఘాలు స్థాపించారు. ఆ ఐదింటిలో ఒకటి ఆనాటి కరీంనగరం జిల్లా సిరిసిల్లది. 1970లో పని ప్రారంభించిన ఆ సంఘం నేటికీ నడుస్తున్నది. దాని పాలకవర్గాన్ని సభ్యులే ఓట్లు వేసి ఎన్నుకుంటారు. తరువాత కుప్పం, అనకాపల్లి, చీపురుపల్లి, రాయచోటి, జోగిపేట, ఆత్మకూరులలో కూడ సంఘాలు వచ్చినవి. కదిరి ప్రాంతానికి ఒకటి కాదు, తూర్పు కదిరి, పశ్చిమ కదిరి అని రెండు వచ్చినవి.

కదిరి అనగానే మనకు నరసింహస్వామి రథోత్సవమూ, దాపులనే ఉన్న తిమ్మమ్మ మర్రిమానూ గుర్తుకు వస్తవి. ఐదెకరాలకు పైగా పరచుకున్న ఆ మాను ఏ ఒక్క బోదెమీదా నిలవలేదు. వందల ఊడలు దిగి తలా కాస్త బరువు మోస్తున్నవి. సహకార సంఘం సూత్రం కూడ అదే. ప్రతి వినియోగదారూ చిన్న వాటా కొంటాడు. ఎంత పెద్ద రైతుకైనా ఒకటే ఓటు, పూరింటి దీపానికీ ఒకటే ఓటు.

కరువుసీమ చిక్కు

కాని ఊడకు నీరు అందాలి గదా! అనంతపురం సీమకు నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటవి. ఈశాన్య ఋతుపవనం కోస్తాను తడిపి ఇక్కడికి వచ్చేసరికి అలసిపోతుంది. సాలుకు సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుసెనగ వానమీద ఆధారం. తక్కిన పంటలకు బావి, బోరు, మోటారు. కనుక ఇక్కడ కరెంటు అంటే మొట్టమొదట నీరు.

ఐదు హార్సుపవరు మోటారు ఏడు గంటలు నడిస్తే సుమారు 26 యూనిట్లు ఖర్చవుతుంది. 1980 దశకం మొదటినుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి మీటరు లెక్క పోయి, మోటారు శక్తిని బట్టి ఇంత అని కట్టే పద్ధతి వచ్చింది. 2004లో అది ఉచితమే అయింది. కరువు రైతుకు ఇది ప్రాణాధారమనే మాటకు ఎదురులేదు. కాని టోకుగా కొని చిల్లరగా అమ్మే సంఘం స్థితి ఆలోచించండి. కొన్న సరుకులో ఎక్కువ భాగానికి కొనేవాడు లెక్కగా ధర ఇవ్వడు. ఆ లోటు ప్రభుత్వం పూడిస్తేనే పూడుతుంది. సిరిసిల్లలో మరమగ్గాలున్నవి, అవి డబ్బు కట్టి కరెంటు వాడుతవి. కదిరి మెట్టలలో అటువంటి ఆదరువు తక్కువ. ఏమైతేనేమి, కదిరి సంఘాలు రెండూ చివరకు విద్యుత్ పంపిణీ సంస్థలో కలిసిపోయినవి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కదిరి కూడ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది.

సంఘం పోయింది గాని సంఘం నేర్పిన లెక్క పోలేదు. వ్యర్థమైన ప్రతి యూనిట్టుకూ ఎవరో ఒకరు చెల్లించవలసిందే. బిల్లు రూపంలో కాకపోతే పన్ను రూపంలో.

పది రూపాయల బల్బు

ఈ లెక్క తెలిసే ప్రభుత్వం 2014 చివర ఒక పథకం ప్రారంభించింది. గుంటూరు, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాలతోపాటు అనంతపురం జిల్లాను కూడ ముందుగా ఎన్నుకున్నది. పాత 60 వాట్ల బల్బులు రెండు తెచ్చి ఇస్తే, ఒక్కొక్కటి పది రూపాయలకు 7 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు రెండు ఇచ్చారు. రోజుకు ఐదు గంటలు వెలిగించే ఇంటిలో రెండు బల్బులు మారిస్తే నెలకు 16 యూనిట్లు మిగులుతవి. వెలుగు తగ్గలేదు, ఖర్చు తగ్గింది.

కాని గృహిణులు ఇంకొక గదిలోకి కూడ తొంగి చూడాలి. అది స్నానాల గది. మన సీమలో ఇల్లు వెచ్చబరుచుకునే పని లేదు. మనం వెచ్చబరిచేది నీళ్ళనే. ఐదుగురున్న సంసారంలో మనిషికి 20 లీటర్ల బకెట్టు చొప్పున 100 లీటర్లు. తెల్లవారుజామున 22 డిగ్రీలున్న నీటిని 42 డిగ్రీలకు తేవాలంటే, రాడ్డు అయినా గీజరు అయినా సుమారు 2.3 యూనిట్లు తినక తప్పదు. నెలకు 70! నాలుగు జతల బల్బులు మార్చి మిగిల్చినదంతా ఒక్క స్నానాల గది మింగివేస్తుందన్నమాట. పైగా వాడకం పెరిగినకొద్దీ పై శ్లాబు యూనిట్టు ధర కూడ పెరుగుతుంది.

ఇంకొక విశేషం. కదిరికి దగ్గరనే నంబులపూలకుంటలో పెద్ద సౌర విద్యుత్ పార్కు ఉన్నది. అందులో ఎన్.టి.పి.సి. వారి 250 మెగావాట్ల కేంద్రం 2016లో పని ప్రారంభించింది. పగలంతా కరెంటు పండించే ఆ పలకలు ఉదయం ఆరు గంటలకు ఇంకా నిద్రలోనే ఉంటవి. మన గీజర్లు మేలుకునేది సరిగ్గా అప్పుడే! మిద్దెమీది సౌర హీటరు మాత్రం నిన్నటి ఎండను నీటిలో దాచి నేటి ఉదయానికి అందిస్తుంది. పొరుగున బెంగుళూరులో సౌర హీటరున్న ఇళ్ళకు యూనిట్టుకు 50 పైసలు, నెలకు 50 రూపాయల వరకు బిల్లులో తగ్గించే పద్ధతి పెట్టింది ఇందుకే.

ఇంటి పని

నలుగురైదుగురున్న ఇంటికి 100 లీటర్ల సౌర హీటరు సరిపోతుంది. మన బోరునీళ్ళు గడుసువి. రాగిగొట్టాలలో తెల్లని పొర కట్టి దారి మూసివేస్తవి. కొనేముందే మీ నీటి సంగతి చెప్పి దానికి తగిన రకం అడగాలి. అంత ఖర్చు పెట్టలేనివారు గీజరు వేడిని మితంగా పెట్టుకోవచ్చు. అవసరానికి అరగంట ముందు వేసి, స్నానాలు వరసగా కానిచ్చి, వెంటనే ఆర్పవచ్చు. రాడ్డు పెట్టేవారు మీట ఆర్పి, రాడ్డు తీసిన తరువాతనే నీటిలో చేయి పెట్టాలని పిల్లలకు మరీమరీ చెప్పాలి.

సొంత మిద్దె ఉన్నవారికి 2024లో కేంద్రప్రభుత్వం పెట్టిన సూర్యఘర్ పథకం ఉన్నది. రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లకు, ఆపైన మొత్తంమీద 78,000 రూపాయలు సబ్సిడీ ఇస్తామని అందులో ప్రకటించారు.

వాన విషయంలో ప్రకృతి అనంతపురానికి పిసినారి. ఎండ విషయంలో మాత్రం చేతికి ఎముక లేని దాత. ఇంట్లో నీళ్ళు కాగడానికి ఆ ఎండనే వాడుకుంటే, ఉదయంపూట తీగలమీద అంత భారం తగ్గుతుంది. వాటాపత్రం చేతిలో లేకపోయినా ఈ కరెంటు సంఘంలో మనమంతా సభ్యులమే. ఈ నెల బిల్లు వచ్చినప్పుడు దానిని మడిచి అటకమీద పెట్టకుండా, అందులో స్నానాల గది వంతు ఎంతో ఒక్కసారి ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్క వేయండి.