కంపెనీకి తాళం పడింది... బండి ఆగలేదు!

కాలవకి నీళ్లొదిలారు. ఊరంతా దమ్ముల హడావుడి. సరిగ్గా అప్పుడే... వెనక చక్రం లోపలివైపు నుంచి నూనె కారడం మొదలవుతుంది. ఇరుసు దగ్గరి ఆయిల్ సీలు పోయిందన్నమాట. నూనె బయటికి, బురద లోపలికి! అలాగే తిప్పితే బేరింగూ పోతుంది. కొత్త ట్రాక్టరైతే షోరూముకి ఒక్క ఫోను కొడితే సరి. కానీ కొట్టంలో ఉన్నది నలభయ్యేళ్లనాటి హెచ్‌ఎంటీ 2511. దానికి షోరూము లేదు. ఆ మాటకొస్తే తయారుచేసే ఫ్యాక్టరీయే లేదు!

'ఇంకెన్నాళ్లు దాంతో అవస్థ? తూకానికి ఇచ్చెయ్యరాదూ' అంటారు ఇంట్లోవాళ్లు. ఆయన వినడు. మొండితనం కొంత ఉంటే ఉండొచ్చుగానీ లెక్క కూడా ఉంది. నాలుగైదెకరాల సేద్యానికి కొత్త బండి కొంటే ఏళ్ల తరబడి వాయిదాలు కట్టాలి. ఇది తండ్రి కొన్నది. అప్పు ఎప్పుడో తీరిపోయింది. లోపల గేర్లూ ఇరుసులే తప్ప కంప్యూటరు లేదు కాబట్టి ఊళ్లో మెకానిక్కే విప్పి బిగించగలడు. ఇబ్బందల్లా ఒక్కటే... పోయిన ముక్క మళ్లీ దొరకాలి.

అందుకే పాత సీలుని గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని విజయవాడ ఆటోనగర్‌కి బయల్దేరతాడు రైతు. ఆయన బస్సు దిగేలోపు అసలు ఈ బండి కథేమిటో చూద్దాం.

వాచీ, బియ్యం, ట్రాక్టరు

హెచ్‌ఎంటీ అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది చేతి గడియారమే. ఒకప్పుడు పెళ్లికొడుక్కి పెట్టాలంటే ఆ వాచీయే పెట్టాలి! దానికున్న ఆదరణ చూసే మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే 1980ల్లో ఎంపికచేసిన వరి రకానికి ఆ పేరు పెట్టారు. మన దుకాణాల్లో దొరికే హెచ్‌ఎంటీ బియ్యం వెనక సంగతి అదీ. వాచీలు చేసిన ఆ ప్రభుత్వ సంస్థే 1971లో హర్యానాలోని పింజోర్‌లో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. పరిజ్ఞానం అప్పటి చెకోస్లొవేకియాలోని బ్ర్నో నగరానికి చెందిన జెటార్ కంపెనీది. 2511, 3511 అనే అంకెల్లో మొదటి రెండూ ఇంజిను గుర్రపుశక్తిని సూచిస్తాయి. మొదటిదానికి రెండు సిలిండర్లు, రెండోదానికి మూడు.

ఆ తర్వాత పోటీ పెరిగింది. అమ్మకాలు తగ్గాయి, నష్టాలు పేరుకున్నాయి. చివరికి 2016 అక్టోబరులో పింజోర్ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పాత ఐషర్ ఉన్నవాళ్లకి ఇంత తిప్పలు రాలేదు. ఆ ట్రాక్టర్ల వ్యాపారాన్ని 2005లో టఫె కొనుక్కుని కొనసాగించింది. హెచ్‌ఎంటీ ట్రాక్టరుది చేతులు మారడం కాదు, ఏకంగా మూతపడటమే.

అయినా రైతుకి ఒక మేలు మిగిలింది. జెటార్ ఇంజినీర్లు 1960 ప్రాంతంలోనే రెండు, మూడు, నాలుగు సిలిండర్ల బళ్లన్నిటికీ వీలైనన్ని భాగాలు ఉమ్మడిగా ఉండేలా రూపకల్పన చేశారు. తయారీ ఖర్చు తగ్గించుకోవడానికి వాళ్లు వేసిన ఎత్తు అది. ఇన్నేళ్ల తర్వాత మనవాళ్లకి ఇలా కలిసొచ్చింది... 2511కి దొరకని ముక్క ఒక్కోసారి తుక్కుకొట్లో పడున్న 3511లో దొరుకుతుంది!

పేరు పోయినా కొలత ఉంది

ఇక ఆటోనగర్. లారీల బాడీలు కట్టేవాళ్లు, లేతు పనివాళ్లు, బేరింగుల కొట్లు, పాత ఇనుము గుట్టలు... ఎటు చూసినా అవే. 'హెచ్‌ఎంటీ ఇరుసు సీలుందా బాబూ?' అని అడిగితే కౌంటరు దగ్గర కుర్రాడు తలెత్తకుండానే లేదనేస్తాడు. లోపల కూర్చున్న యజమాని మాత్రం 'ఏదీ, ఆ పాతది ఇలా ఇవ్వండి' అంటాడు. పేరు చెప్పి అడగడానికీ, వస్తువు చూపించి అడగడానికీ ఉన్న తేడా అది. ఆయన ఆ రబ్బరు మీది బురద తుడిచి చదివేది బండి పేరు కోసం కాదు, మూడంకెల కోసం. ఉదాహరణకి 65-90-10 అని ఉందనుకోండి. లోపలి వ్యాసం 65 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 90, మందం 10. ఆ కొలతల సీలు ఏ బండికోసం తయారైనా ఈ బండికీ కూర్చుంటుంది.

అంకెలు చెరిగిపోతే? అప్పుడు పాత సీలుని కొలిచి లాభంలేదు. అది అరిగీ సాగీ ఉంటుంది. ఇరుసునీ, సీలు కూర్చునే గూటినీ వెర్నియర్‌తో కొలవాలి. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఏళ్లతరబడి సీలు అంచు రాసుకుని ఇరుసు మీద సన్నటి గాడి పడుతుంది. దాన్ని చూసుకోకుండా కొత్త సీలు వేస్తే మళ్లీ నూనె కారుతుంది. దాంతో 'డూప్లికేటు సరుకు అంటగట్టాడు' అని కొట్టువాణ్ని తిట్టుకోవడం! గాడి మీద పలుచటి స్లీవు తొడిగించడమో, అంచు గాడి పక్కన ఆనేలా సీలుని కాస్త జరిపి కూర్చోబెట్టడమో చేయాలి.

బేరింగుల లెక్క మరీ తేలిక. బేరింగు మీద 6308 అని ఉంటే చివరి రెండంకెల్ని అయిదుతో హెచ్చించండి. 8 అయిదులు 40... లోపలి రంధ్రం 40 మిల్లీమీటర్లు. 6205 అయితే 25. చివరి అంకెలు 04 నుంచి మొదలైతే చాలు, ఈ సూత్రం పనిచేస్తుంది. ప్రపంచమంతా ఇవే కొలతలు పాటిస్తుంది కాబట్టి ట్రాక్టరు కంపెనీ మూతపడినా బేరింగుకి కరవు లేదు. ఆటోనగర్‌లో లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుంది. లైనర్లు, పిస్టన్ల లాంటి ఇంజిను సామాను కోసమైతే రాజ్‌కోట్, లూధియానా, ఢిల్లీ కశ్మీరీగేట్ మార్కెట్ల దాకా ఆరాలు వెళ్తాయి.

లేతు మీద కొత్త జన్మ

ఎక్కడా దొరకని వాటి సంగతి? చేయించుకోవడమే. అరిగిన బుష్షులైతే గన్‌మెటల్ కడ్డీ నుంచి లేతు మీద తీసి ఇచ్చేస్తారు. గేరు చేయించడమే అసలు పరీక్ష. పళ్లు సగం విరిగినా పర్లేదు, ఎన్నో లెక్కపెట్టగలిగితే చాలు. తిన్నని పళ్ల గేరయితే బయటి వ్యాసాన్ని, పళ్ల సంఖ్యకి రెండు కలిపి భాగించాలి. 22 పళ్లుండి బయటి వ్యాసం 72 మిల్లీమీటర్లుంటే... 72ని 24తో భాగిస్తే 3. దాన్ని మాడ్యూల్ అంటారు. ఆ అంకె చెబితే గేర్లు కోసేవాడు సరైన కట్టర్ తీసి బిగిస్తాడు. వాలు పళ్లకి ఈ లెక్క సరిపోదు, నమూనాయే ఇవ్వాలి.

అయితే పళ్లు కోయడంతో గేరు పూర్తయినట్టు కాదు. తగిన ఉక్కుతో చేసి, కొలిమిలో పైపొరని గట్టిపరచాలి. బయటికి గాజులా గట్టిగా, లోపల దెబ్బని ఓర్చుకునేలా ఉండాలి. చాలామంది ఖర్చు మిగుల్చుకునేది ఇక్కడే. పైకి రెండు గేర్లూ ఒకేలా మెరుస్తాయి. గట్టిపరచనిది త్వరగానే అరిగి పిండయిపోతుంది. పైగా ఆ ఇనుప పొడి నూనెలో కలిసి పక్కనున్న మంచి గేర్లనీ నమిలేస్తుంది!

పగిలిన పోత ఇనుము పెట్టెలది మరో దారి. అతికించాలంటే ముందు వేడిచేసి, నికెల్ రాడ్డుతో వెల్డింగు పెట్టి, బూడిదలోనో ఇసకలోనో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. తొందరపడి నీళ్లు చల్లితే పక్కనే ఇంకో పగులు. అతుక్కునే స్థితి దాటిపోతే వడ్రంగి చేత చెక్క నమూనా చేయించి ఫౌండ్రీలో పోత పోయిస్తారు. ఇనుము చల్లారేటప్పుడు దాదాపు నూటికొక వంతు కుంచించుకుపోతుంది. అందుకని 300 మిల్లీమీటర్ల భాగానికి నమూనా 303 ఉండాలి. నున్నగా కోయాల్సిన చోట ఇంకాస్త ఎక్కువ. చక్కపనివాడు ఇనుము ఎంత ముడుచుకుంటుందో లెక్కవేయడం చూస్తే ముచ్చటేస్తుంది.

ఇక్కడ మాత్రం వద్దు

అన్నీ చేయించుకోవచ్చని కాదు. ఇంజెక్షన్ పంపులో ప్లంజరుకీ దాని గొట్టానికీ మధ్య ఖాళీ మైక్రాన్లలో ఉంటుంది. అది లేతు పని కాదు. పంపు మీది రేకు నంబరు రాసుకుని డీజిలు పంపుల సర్వీసు కేంద్రానికి వెళ్లాల్సిందే. అక్కడా బండి పేరుకన్నా పంపు నంబరే ముఖ్యం. క్రాంకుషాఫ్టుని కూడా సాధారణంగా 0.25, 0.50, 0.75 మిల్లీమీటర్ల చొప్పున అరగదీసి ఆ సైజు బేరింగులు వేస్తారు. పాత బండిలో ముందే ఎన్నిసార్లు తీశారో కొలవకుండా కొంటే బురదలో కాలు వేసినట్టే.

అన్నిటికన్నా ముఖ్యం స్టీరింగు, బ్రేకులు. విరిగిన స్టీరింగు ఆర్ముకి వెల్డింగు పెట్టించి ఊరుకునేవాళ్లున్నారు. పొలంలో విరిగితే బండి ఆగుతుంది. ధాన్యం ట్రక్కు తగిలించుకుని కాలవగట్టు మీద వెళ్తుండగా విరిగితే? సరైన భాగం దొరక్కపోతే బండి ఆపేయడమే మంచిది.

చెడిన వస్తువుని బాగుచేయించుకునే హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ఒక కమిటీ వేసింది. సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలతోపాటు వ్యవసాయ పరికరాలనీ అందులో చేర్చారు. విడిభాగాలూ మాన్యువళ్లూ అందుబాటులో ఉంచమని కంపెనీల్ని అడగడానికి అది పనికొస్తుంది. మూతపడిన ఫ్యాక్టరీని మాత్రం ఎవరడుగుతారు?

అందుకే హెచ్‌ఎంటీ వాడేవాళ్లు వేరే ఏర్పాటు చేసుకుంటారు. చుట్టుపక్కల ఎక్కడైనా అదే మోడల్ తూకానికి వెళ్తోందని తెలిస్తే చాలు, ముందే పరుగెత్తి తెచ్చుకుంటారు. దొడ్లో వేపచెట్టు కింద పెట్టి, వానకి తడవకుండా టార్పాలిను కప్పుతారు. పాత పార్ట్స్ బుక్కు చేతికొస్తే జిరాక్సు తీయించి దాచుకుంటారు. అవసరమైనప్పుడల్లా చెట్టు కింది బండి నుంచి ఒక్కో ముక్కా ఊడి వచ్చి కొట్టంలో బండికి చేరుతుంది.

ఇంతకీ మన రైతుకి సీలు దొరికింది. రెండు కొన్నాడు... ఒకటి ఇప్పటికి, ఒకటి వచ్చే దమ్ములకి. పాతది పారేస్తారేమోనని కొట్టువాణ్ని అడిగి మరీ వెనక్కి తీసుకున్నాడు.